అంచనా పత్రములో పాలపిట్ట

ఆర్మూరు నుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలల మీదుగా ధర్మపురి చేరి, రాయపట్నము కడ గోదావరిని దాటి మంచిర్యాలకు పోవు 63వ నంబరు జాతీయ రహదారిపై పసుపు బస్తాల లారీలును, మామిడికాయల డీసీఎంలును, గల్ఫుకు పోవు కొడుకును విమానమెక్కించి మరలివచ్చు తల్లిదండ్రుల జీపులును రేయింబవళ్ళు సాగుచునే యుండును. ఆ బాట యంచున అక్కడక్కడ మిగిలియున్న మర్రియు, చింతయు, వేపయు ఎవరు నాటిరో, ఏ కాలమున నాటిరో చెప్పగల వృద్ధులు మా ప్రాంతమున నేడు వేళ్ళమీద లెక్కింపదగినంత మందియే. గడచిన వేసవిలో అట్టి మర్రి యొకదాని నీడన బస్సుకొరకు నిలిచియుండగా, నా తలకు రెండు నిలువుల పైయెత్తున, ఏనాడో గాలికి విరిగిన కొమ్మ మోడుకడ నేర్పడిన తొర్రలోనికి ఒక పాలపిట్ట మిడుతను కరచుకొని దూరుటయు, క్షణకాలమునకు వట్టి ముక్కుతో వెలువడి, రెక్కల నీలిమను ఎండలో ఒక్కమారు పరచి, పసుపు తవ్విన ఎదుటి చేనిమీది కరెంటు తీగపై వ్రాలుటయు కంటిని. పావుగంటలో నది నాలుగు మారులు వచ్చి పోయినది. లోపల పిల్లలున్నవని వేరుగ చెప్పనక్కరలేదు.

దసరానాడు జమ్మిచెట్టు కడకు పోవుచు పాలపిట్టను చూడనిదే మా యూళ్ళవారికి పండుగ పూర్తికాదు. రాష్ట్రము దానిని తన పక్షిగా స్వీకరించినది. ఐనను అది గూడు పెట్టునది ముదిచెట్టు తొర్రలోననియు, నిన్న నాటిన మొక్కకు తొర్ర పడుటకు రెండు తరములు పట్టుననియు మనలో చాలమందికి తట్టదు. రహదారి వెడల్పుచేయునపుడు చెట్లను లెక్కించు పద్ధతి మన మెరిగినదే: చెట్టునకొక సంఖ్య, జాతి పేరు, చుట్టుకొలత, కలప పరిమాణము, దాని వెల. ఆ లెక్కలో తొర్ర యొక తరుగు. తొర్రపడిన మ్రాను దూలమునకు గాని ద్వారబంధమునకు గాని కొరగాదు కనుక దాని వెల తగ్గును. పాలపిట్ట లెక్కలోనన్ననో, ఆ తొర్రయే ఆ చెట్టు విలువ. ఒకే మ్రానును రెండు చూపులతో చూడవచ్చును. వానిలో మొదటి చూపునకు మన అంచనా పత్రములలో గడి గలదు, రెండవదానికి లేదు. నా వాదమంతయు ఆ లేని గడిని గూర్చియే.

ఈ రహదారిని ఆర్మూరు, మంచిర్యాలల నడుమ నాలుగు వరుసలుగ విస్తరింపవలెనను ప్రతిపాదన చాలకాలముగ నలుగుచున్నది. పట్టణములకు వెలుపల బైపాసులు ఏ చేల మీదుగ పోవునో యని రైతులు వేసారియున్నారు. నేను బాట వలదనువాడను గాను. రాత్రివేళ కాన్పు నొప్పులతో నున్న యింతిని కరీంనగరునకు తీసుకొనిపోవు అంబులెన్సు, ఎదురుగ వచ్చు లారీల దీపములకు బెదరి యే మలుపుకడ నాగునో యని గుండె చిక్కబట్టుకొని కూర్చున్న వారిలో నొకడనైన నాకు, విశాలమైన బాట విలువ యొకరు చెప్పనక్కరలేదు. నేనడుగునది వేరు. నష్టము చేసి దానికి పరిహారము చెల్లించుట యొకటి. నిర్మాణము ముగియునాటికి ఆ బాట వెంట, ఆ కాలువ గట్టుపై, ఆ జలాశయపు టంచున జీవరాశి మునుపటికంటె అధికమై యుండవలెనని మొదటి గీత గీయునాడే సంకల్పించి, సిమెంటునకును ఇనుమునకును వలెనే దానికిని పరిమాణమును, వ్యయమును, గడువును, బాధ్యుని పేరును వ్రాసియుంచుట మరియొకటి. మొదటిదానికి మనము అలవాటుపడితిమి. రెండవదాని జోలికి ఇంతవరకు పోలేదు.

మా ప్రాంతము పెద్ద నిర్మాణములకు క్రొత్తది కాదు. 1963 జూలై 26న నెహ్రూ పోచంపాడున పునాదిరాయి వేసిన శ్రీరాంసాగరు నుండి కాకతీయ కాలువ మా పొలముల మీదుగానే కరీంనగరు దిక్కు పోయినది. తరువాత అదే జలాశయమునుండి మధ్యమానేరు దాక సుమారు 122 కిలోమీటర్ల పొడవున వరద కాలువను తవ్విరి. 2017లో పెద్దపల్లి, నిజామాబాదుల నడుమ రైలు పూర్తిగ నడచినది. ఆ సంవత్సరమే శ్రీరాంసాగరు పునరుజ్జీవన పథకమునకు పునాది పడి, మల్యాల మండలపు రాంపూరు కడను, ఇబ్రహీంపట్నము మండలపు రాజేశ్వరరావుపేట కడను, ముప్కాలు కడను పంపులు వెలసి, పల్లమునకు పోవలసిన వరద కాలువ నీటిని వెనుకకు మెట్టు మెట్టుగ నెక్కించు ఏర్పాటు జరిగినది. సిరిసిల్ల వైపున 25.87 టీఎంసీల మధ్యమానేరు నిండి, కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి వంటి యూళ్ళు నీటి క్రిందికి పోయినవి. ఈ నిర్మాణములలో దేనికిని అంతకుముందు ఆ నేలపై ఏమేమి బ్రతికినవో తెలుపు పద్దు, ఊరివారు చదువుకొని "ఔను, ఇవి యుండెడివి" అని చెప్పదగిన రీతిలో, ఏ పంచాయతీ గోడమీదను నేను చూచి యెరుగను.

వీనన్నిటికి తలమానికమైన కాళేశ్వరమునకు 3,000 హెక్టార్లకు మించిన అటవీభూమి మళ్ళింపబడినది. ఆ పథకమునకు పర్యావరణ అనుమతి 2017 డిసెంబరులో వచ్చెను. పునాదిరాయి 2016 మే నెలలోనే పడినది. అనుమతి వచ్చునాటికే పనులు బహుదూరము సాగిపోయినవనియు, వెనుకనుండి వచ్చిన ఆ అనుమతి చట్టసమ్మతము కాదనియు 2020 అక్టోబరులో జాతీయ హరిత ట్రైబ్యునలు తీర్పు చెప్పి, జరిగిన నష్టమును మదింపువేయుటకు ఒక సంఘమును నియమింపుమనెను. తీర్పు వచ్చునాటికి నేల తవ్వబడినది, నీరు పారినది, చెట్లు పోయినవి. ఇక న్యాయస్థానము చేయగలిగినది కూలిన యింటి ముందర నిలిచి ఇటుకలు లెక్కించుట వంటిదే. ఈ పథకపు లాభనష్టములను గూర్చి, దానిలోని మేడిగడ్డ బరాజు కుంగుబాటును గూర్చి, పత్రికలలో కావలసినంత చర్చ జరిగినది, జరుగుచున్నది. దానిలోనికి నేను పోను. నా కది నేర్పిన పాఠమొక్కటే: జీవరాశి లెక్క పారకంటె ముందు నడువవలెను, లేనిచో అది లెక్కయే కాదు.

ముందు నడుచుట యనిన నేమో వరద కాలువ గట్టుమీద నాకు కొంత బోధపడినది. కథలాపూరు ప్రాంతమున నొకచోట, వాన వెలిసిన మరునాటి ఉదయమున, ఆ గట్టుమీద నడచితిని. కాలువ అక్కడ లోతైన కోత. రెండు వైపుల గోడలవంటి వాలు. తవ్విపోసిన మట్టియు మొరమును గుట్టలుగ పడి, వానిపై సర్కారు తుమ్మ దట్టముగ నల్లుకొనియున్నది. తడిమట్టిపై నొక నక్క అడుగులు, కుక్క అడుగులకంటె సన్ననివై, వరుసగ సూటిగ కాలువ యంచుదాక వచ్చినవి; అంచున అటునిటు తిరుగాడిన గుర్తులున్నవి; మరల వచ్చిన దారినే పోయినవి. ఆ నక్క తాతలు తిరిగిన గుట్ట అవతలి గట్టునకు కనుచూపు మేరలోనే యున్నది. మనుష్యునకు వంతెన యున్నది. ట్రాక్టరునకు వంతెన యున్నది. నక్కకు అది యెన్నడును తెలియరాని దూరములో, లారీల మ్రోతతో, నీడ లేక, దాగుటకు పొద లేక, వట్టి కాంక్రీటుగ నున్నది. ఆ వంతెనను కట్టునపుడే ఒక ప్రక్క రెండు గజముల వెడల్పున మట్టి పోసి పొదలు పెరుగనిచ్చినచో, కాలువ వాలులో కిలోమీటరున కొకటిరెండు చోట్ల, పడిన జంతువు ఎక్కి రాగల గరుకు మెట్ల వాలు నొకదానిని విడిచినచో, అయ్యెడి వ్యయము ఆ కాలువ అంచనాలో కనబడని భిన్నమై యుండెడిది. కట్టిన పిదప ఇప్పుడు చేయబోయినచో అదే పని పదింతలు.

పర్యావరణ ప్రభావ నివేదికలు లేవా యని యడుగవచ్చును. ఉన్నవి. 2006 నాటి కేంద్ర ప్రకటన ననుసరించి పెద్ద ప్రాజెక్టులకు అవి కావలెను. అయితే చాల ప్రాజెక్టులకు వానకాలము గాక మరియొక్క ఋతువున సేకరించిన వివరములతో నివేదిక సిద్ధమగును. ఈ యొక్క మాటను కోరుట్లవాడు వినినచో నివ్వెరపోవును. మా నేల ఎండకాలమున ఎట్లుండునో వచ్చి చూడుడు: కుంటలు పగిలిన పెంకులవలె, ఒర్రెలు ఇసుక చారలవలె, గుట్టలు కాల్చిన కుండలవలె నుండును. తొలకరి పడిన పదునైదు దినములకు అదే నేలపై కప్పల కచేరి మొదలగును. ఆరుద్రపురుగులు ఎర్రని పట్టు ముక్కలవలె చెలకలలో తిరుగును. చెరువు మత్తడి దుంకిన రాత్రి, లాంతర్లు పట్టుకొని ఊరి పిల్లలందరు మత్తడి క్రింద చేరగా, వాగునుండి చేపలు ఆ పారు నీటికి ఎదురెక్కి ఎగిరెగిరి పడుచుండును. నీటికి ఎదురీది గ్రుడ్లు పెట్టుటకు చెరువులోనికి పోవు ఆ చేప, మార్చి నెలలో వచ్చి కుంటను కొలిచిపోయిన నిపుణుని పట్టికలో నెట్లు చేరును? ఒర్రెపై రోడ్డు వేయునపుడు, గొట్టపు మోరీ క్రింది యంచు ఒర్రె అడుగుకంటె రెండడుగుల యెత్తున నుంచినచో ఆ చేప త్రోవ శాశ్వతముగ మూతపడును. అడుగుతో సమముగ నుంచినచో తెరచియుండును. ఇది డబ్బు సమస్య కాదు, ఆ ఒర్రెలో చేప యెక్కునని ముందుగ నెవరైన చెప్పియుండవలసిన సమస్య.

రహదారులకు మరియొక చిక్కు కలదు. ఉన్న జాతీయ రహదారిని వెడల్పుచేయునపుడు, పొడవు 100 కిలోమీటర్లు మించి, అదనముగ సేకరించు భూమి నిర్ణీతమైన వెడల్పును దాటినప్పుడే పర్యావరణ అనుమతి కావలెనని 2013లో నిబంధనను సడలించిరి. పొడవునకును జీవరాశికిని సంబంధమేమి? 90 కిలోమీటర్ల బాట మూడు వాగులను, పదునాలుగు కుంటలను, రెండు గుట్టల నడిమి సందును దాటవచ్చును. 120 కిలోమీటర్ల బాట యెడారివంటి మైదానమున పోవచ్చును. కొలబద్ద నేలను చూచి యేర్పడవలెను గాని టేపును చూచి కాదు.

ఇక నష్టమునకు బదులుగ చెట్లు నాటుట. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టము క్రింద మళ్ళించిన యడవికి బదులు అడవి పెంపవలెను. దాని సొమ్మునకై 2016లో ప్రత్యేకముగ నొక చట్టమే వచ్చినది. ఐనను 2013లో దేశపు ఆడిటు అధిపతి యిచ్చిన నివేదికను చూచితిమా, 2006 నుండి 2012 దాక అటవీశాఖలకు రావలసిన అడవి కాని భూమి సుమారు 1,03,000 హెక్టార్లు కాగా, వచ్చినది 28,000 హెక్టార్లు. దానిలో చెట్లు పెంచినది 7,000 హెక్టార్లకు కొంచెము మించి. అంటే బాకీలో నూటికి ఏడు పాళ్ళు. నాటినచోట్ల సయితము నాటినదేమి? మధ్యకాలమున మన బాటల నడుమ, పార్కుల చుట్టు, త్వరగ పచ్చబడునని కోనోకార్పస్ నాటిరి. దానిపై పక్షి వ్రాలదు, పశువు మేయదు, దాని పుప్పొడి మనుష్యులకు ఊపిరి జబ్బు తెచ్చునని ఫిర్యాదులు రాగా తెలంగాణ ప్రభుత్వమే నర్సరీలలో దానిని పెంచవలదనెను. హరితహారము 2015లో మొదలై మా యూళ్ళ బాటలకు పచ్చదనమును తెచ్చినమాట నిజము, ఆ శ్రమను నేను తక్కువ చేయను. కాని పచ్చదనము వేరు, జీవరాశి వేరు. తునికి, మోదుగు, రేల, ఇప్ప, నల్లమద్ది, పరికి, బలుసు, ఈత వీని నడుమ నల్లుకొన్న తీగలు, క్రింద రాలిన యాకు, ఆ యాకు క్రింది పురుగు, పురుగునకై వచ్చు పిట్ట, ఇదంతయు కలసి యొకటి. ఒకే జాతి మొక్కలు వరుసగ నిలిచిన చోట కవాతు మైదానపు సొంపు గలదు గాని వనము లేదు.

తునికి మాట వచ్చినది కనుక చెప్పెదను. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాలలలో చాటను ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీల సంపాదనతో నిలిచిన యిండ్లెన్నియో. ఆ చాటలోని యాకు అడవిలోనిది. అడవి పోయినచో పులికి మాత్రమే కష్టమనుకొనువారు ఆ చాట వైపు ఒక్కసారి చూడవలెను.

ఇతర దేశములలో నీ విషయమున ముందడుగు వేసినది ఇంగ్లండు. అక్కడ 2021 నాటి పర్యావరణ చట్టమును పురస్కరించుకొని, 2024 ఫిబ్రవరి 12 నుండి పెద్ద కట్టడము లేవి కట్టదలచినను, కట్టకముందు ఆ స్థలమున నున్న జీవావాసములను కొలిచి, కట్టిన పిదప అవి నూటికి కనీసము పది పాళ్ళు అధికమగునట్లు ప్రణాళిక చూపి ఆమోదము పొందినగాని పని మొదలుపెట్టరాదు. ఆ యధికమును ముప్పది సంవత్సరముల పాటు నిలుపు బాధ్యతను పత్రముపై వ్రాసి యెవరో యొకరు మోయవలెను. ఏప్రిలు నుండి చిన్న కట్టడములకును ఇదే వర్తించినది. ఈ విధానములో నన్ను మిక్కిలి ఆకర్షించినది ఆ పది పాళ్ళు కాదు, ఆ ముప్పదేండ్లు. మనదేశమున మొక్క నాటుటకు ముహూర్తమున్నది, ఫొటో యున్నది. మూడవ యేటి యెండకాలమున దానికి నీరు పోయువాని పేరు మాత్రము ఏ దస్త్రములోను లేదు.

ఆ యంకెల పద్ధతిని మక్కికి మక్కిగ తెచ్చుకొనవలెనని నేననను. యూనిట్లుగ మార్చి కొలుచుటలో నొక ప్రమాదము గలదు: ఇచ్చట పోయిన ఐదు యూనిట్ల మర్రికి, అచ్చట ఐదున్నర యూనిట్ల గడ్డి సమానమని కాగితము చెప్పగలదు. ఆ ప్రమాదము నెరిగియే అక్కడి చట్టము అతి ప్రాచీన వనముల వంటి, మరల కల్పింపరాని వానిని ఈ బేరమునకు వెలుపల నుంచినది. మనకును అట్టి జాబితా ముందు కావలెను. చేవెళ్ళ మర్రులు దానికి మేలైన యుదాహరణము. హైదరాబాదునుండి మన్నెగూడ దాక సుమారు 46 కిలోమీటర్ల రహదారికి ఇరువైపుల నిజాము కాలమునాటి మర్రులు తొమ్మిదివందలకు దరిదాపుగ నున్నవి. వెడల్పు కొరకు వానిని తొలగింపబోగా పౌరులు కొందరు హరిత ట్రైబ్యునలు దాక పోయి, యేండ్ల తరబడి పోరాడగా, తుదకు బాట గీతను సవరించి వానిలో నధికభాగమును ఉన్నచోటనే నిలుపుటకు ఒప్పందము కుదిరినది. గీతను సవరింపవచ్చునని తేలినది గదా! ఆ సవరణ మొదటినాడే జరిగియున్నచో అన్నియేండ్లు పని యాగెడిది కాదు, బాటపై అన్ని ప్రమాదములు జరిగెడివి కావు. ప్రకృతిని ముందుగ లెక్కించుట పనిని ఆలస్యము చేయుననువారికి చేవెళ్ళయే జవాబు: లెక్కింపకపోవుటయే ఆలస్యము చేసినది.

మన యింజనీర్లకు ఈ విద్య రాదనుటయు సరికాదు. 44వ జాతీయ రహదారి మహారాష్ట్రమున పెంచ్ అడవి మీదుగ పోవుచోట జంతువుల కొరకు తొమ్మిది మార్గములు బాట క్రింద కట్టిరి. పైన లారీలు పోవుచుండగా క్రిందినుండి పులులు, దుప్పులు, అడవికుక్కలు మొదలుకొని 18 జాతుల జంతువులు నడచుటను భారత వన్యప్రాణి సంస్థవారు కెమెరాలు పెట్టి చూచిరి. మా ప్రాంతమున పులి లేదు కనుక మాకట్టి మార్గములెందుకను ప్రశ్న వచ్చును. పులికి కావలసినది ఎత్తైన వంతెన. మా కుందేలునకును, ముంగిసకును, ఉడుమునకును కావలసినది ఒర్రె మోరీలో నీటి ప్రక్క అడుగున్నర వెడల్పున ఎండిన అరుగు. చిన్నప్రాణి యడుగునది చిన్నదే. చిన్నదగుటచేతనే అది యెవరి కంటను పడదు.

63వ రహదారి గీతను తుదిగ స్థిరపరచుటకు ముందు ఏమి చేయవచ్చునో నాకు తోచినది చెప్పెదను. బాటకు మొరము తవ్వక తప్పదు. ఆ మొరమును గుట్టలను తొలిచి తెచ్చుటకు బదులు, వరద కాలువ వెంట నిలువుగుట్టలుగ పడియున్న మట్టిలో పనికివచ్చుదానిని తీసి, సర్కారు తుమ్మను వేళ్ళతో తొలగించి, ఆ గట్టులను దేశీయమైన పొదలకును గడ్డికిని వదలవచ్చును. క్రొత్తగ తవ్వకము తప్పనిచోట, గుంటను నిలువు గోడలతో విడువక ఒక వైపు వాలుచేసినచో మూడేండ్లకు అది తుంగయు జమ్మును మొలిచిన కుంటయగును. నిలువు గోడలతో విడిచినచో ఈతకు దిగిన పిల్లలను మ్రింగు మృత్యుకుహరమగును. తవ్వునది అదే పొక్లెయిను, అదే డ్రైవరు, అదే డీజిలు.

బాట యంచులను గూర్చి మరియొక మాట. బతుకమ్మ పండుగకు మా యాడబిడ్డలు గునుగును, తంగేడును వెదకికొనుచు ఏటేటికి మరింత దూరము పోవుచున్నారు. చేలలో కలుపుమందు గునుగును తుడిచిపెట్టినది. తంగేడు మొలచు బంజరు ప్లాట్లయినది. కోరుట్ల అంగట్లో ఇప్పుడు గునుగు కట్టకట్టి యమ్మబడుచున్నది. నా బాల్యమున దానిని కొనుట యను మాటయే లేదు. జాతీయ రహదారి కిరువైపుల ప్రభుత్వ భూమి గలదు, కాలువ కిరువైపుల గలదు, రైలుకట్ట వెంట గలదు. ఈ మూడింటి యంచులలో కొంత కొంత భాగమున తంగేడు, గునుగు, కట్ల, గడ్డిజాతులు చల్లి, ఆశ్వయుజము దాటు వరకు కోయకుండ విడిచినచో, సీతాకోకలకు, తేనెటీగలకు, వానినాశ్రయించిన పిట్టలకు వందల కిలోమీటర్ల త్రోవ యేర్పడును. మా యాడబిడ్డలకు పూవు దొరకును. ఇట్టి లాభమును కొలుచుటకు విదేశీయ సూత్రమక్కరలేదు. ఎన్ని యూళ్ళ బతుకమ్మకు ఊరి పొలిమేరలోనే పూవు దొరకినదో అడిగి వ్రాసికొనినచో చాలును.

మధ్యమానేరు విషయమున కాలము మించిపోయినది గాని అంతయు పోలేదు. నీరు తగ్గినపుడు బయటపడు విశాలమైన యొండ్రునేల కొక నిర్వహణ ప్రణాళిక వేసి, కొంత భాగమును గుడ్లుపెట్టు నేలపక్షులకు వేసవిలో విడువవచ్చును. పూడిక తీయునపుడు ఆ మట్టితో చిన్న లంకలు లేపవచ్చును. ఊళ్ళు విడిచి వచ్చినవారు పునరావాస కాలనీలలో నున్నారు. తమ పాత చెరువుల శిఖములో ఏ కాలమున ఏ పక్షి దిగెడిదో వారి నోట నింకను నున్నది. ఆ తరము వెళ్ళిపోకమునుపే వ్రాసికొనవలసిన సంగతియిది.

ఎవరు వ్రాయవలెను? చట్టము దానిని చెప్పియే యున్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానికసంస్థకును ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ యుండవలెను, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరొకటి యుండవలెను. 2012 అక్టోబరులో ప్రపంచదేశములు జీవవైవిధ్య సదస్సునకై మన హైదరాబాదుననే కూడినవి. ఐనను మా యూళ్ళలో ఆ కమిటీలో తామున్నట్లు తెలియని సభ్యులను నేనెరుగుదును. ఈ రిజిస్టరును ప్రాజెక్టు అంచనాకు ముడివేయుటయే నా ముఖ్యమైన కోరిక: రిజిస్టరులో వానకాలపు పుటలు పూర్తికానిదే గీత స్థిరపడరాదు, నిర్మాణ వ్యయములో నిర్ణీత భాగము ముప్పదేండ్ల పోషణ నిధిగ ఆ కమిటీ ఖాతాలో పడవలెను, అయిదేండ్లకొకమారు మరల లెక్కించి, తగ్గినచో కట్టినవారు జవాబు చెప్పవలెను. పంచాయతీకి అంత శాస్త్రజ్ఞాన మెక్కడిదందురేమో. కోరుట్లలో పశువైద్య కళాశాల యున్నది, జగిత్యాల ప్రక్కన పొలాసలో వ్యవసాయ కళాశాలయు పరిశోధనా కేంద్రమును ఉన్నవి. ఇంత దగ్గర ఇంతమంది చదువుకొను పిల్లలున్న గ్రామీణ ప్రాంతములు తెలంగాణమున నెన్ని?

వచ్చు తొలకరికి ఆ పిల్లలు నలుగురైదుగురు చొప్పున జట్లుగ మెట్‌పల్లి నుండి జగిత్యాల దాక ఈ బాట వెంట నడువవలెను. ప్రతి జట్టుతో ఆ యూరి గొర్ల కాపరి యొకడు, ఏ తూము క్రింద ఏమి యీదునో యెరిగిన నీరటి యొకడు, తునికాకు కోతకు గుట్ట యెక్కిన ముసలమ్మ యొకతె యుండవలెను. చెట్టుచెట్టు కడ నిలిచి, చుట్టుకొలత వ్రాసిన పిదప, తల పైకెత్తి తొర్ర యున్నదా యని చూడవలెను. ఉన్నచో కొంతసేపు కూర్చుండవలెను. పావుగంట చాలును.